చేపల తాజాదనానికి, భద్రతకు శీతలీకరణే కీలకం

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ సముద్రతీరానికి దూరంగా, అర్పా నది ఒడ్డున ఉన్న రైల్వే పట్టణం. ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. రైల్వే ఉద్యోగాల రీత్యా వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా ఇక్కడ నివసిస్తున్నాయి. ఇటువంటి లోతట్టు పట్టణాల మార్కెట్లకు స్థానిక చెరువుల చేపలతో పాటు, ఆంధ్రప్రదేశ్‌లో పెంచిన శీలావతి, బొచ్చె వంటి చేపలు ఐసు పెట్టెల్లో లారీలపై చేరుతుంటాయి. వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటే ఈ ప్రాంతంలో, చేప ఎన్ని రోజుల క్రితం పట్టినది అనే దానికన్నా దారి పొడవునా ఎంత చల్లగా ఉన్నది అనేదే ముఖ్యం.

చెడిపోయే వేగం

చేప చనిపోయిన వెంటనే దాని శరీరంలోని ఎంజైములు కండరాలను విచ్ఛిన్నం చేయడం ఆరంభిస్తాయి. ఆ తరువాత చర్మం, మొప్పలు, పేగుల్లోని బ్యాక్టీరియా వృద్ధి చెందుతుంది. శాస్త్రీయ అంచనాల ప్రకారం 0 డిగ్రీలతో పోలిస్తే చేప 5 డిగ్రీల వద్ద రెట్టింపుకు పైగా, 10 డిగ్రీల వద్ద నాలుగు రెట్లు, 20 డిగ్రీల వద్ద సుమారు తొమ్మిది రెట్లు వేగంగా చెడిపోతుంది. అంటే 20 డిగ్రీల వద్ద ఆరు గంటలు గడిచితే, ఐసులో రెండు రోజులకు పైగా ఉన్నంత నష్టం జరుగుతుంది. తిరిగి ఐసులో పెట్టినా పోయిన తాజాదనం రాదు.

ఐసు ఎంత అవసరం?

కిలో ఐసు కరిగేటప్పుడు సుమారు 80 కిలో కేలరీల వేడిని గ్రహిస్తుంది. 30 డిగ్రీల వద్ద ఉన్న కిలో చేపను 0 డిగ్రీలకు తేవడానికి దాదాపు 25 కిలో కేలరీలు తొలగించాలి. లెక్క ప్రకారం కిలో ఐసు మూడు కిలోల చేపకు సరిపోవాలి. అయితే బయటి వేడి పెట్టెలోకి చొరబడి ఐసును కరిగిస్తుంది కనుక, ఉష్ణ ప్రాంతాల్లో చేపతో సమాన బరువున ఐసు వాడటం మేలు. పొడిచేసిన ఐసును అడుగున, మధ్యలో, పైన పొరలుగా పరచాలి. కరిగిన నీరు బయటకు పోయే ఏర్పాటు ఉండాలి. ఐసును తాగునీటితోనే తయారుచేయాలి.

వండినా పోని ప్రమాదం

ట్యూనా, కానాగంత వంటి సముద్ర చేపలను వేడిలో ఉంచితే బ్యాక్టీరియా చర్య వల్ల హిస్టమిన్ ఏర్పడుతుంది. ముఖం ఎర్రబారడం, దద్దుర్లు, తలనొప్పి, వాంతులు దీని లక్షణాలు. వంటతో బ్యాక్టీరియా నశించినా హిస్టమిన్ నశించదు.

ఐసుకు బదులుగా ఫార్మాలిన్ వాడటం మరింత ప్రమాదకరం. అందులోని ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకం. ఫార్మాలిన్ ఆందోళనతో 2018 జూలైలో అస్సాం ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్ తదితర రాష్ట్రాల చేపల దిగుమతిని పది రోజులు నిషేధించింది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ దీనిని గుర్తించే పరీక్షా కిట్‌ను రూపొందించింది.

వినియోగదారులు గమనించవలసినవి

మొప్పలు ఎర్రగా, కళ్లు స్వచ్ఛంగా ఉబ్బెత్తుగా ఉండాలి. వేలితో నొక్కిన చోట గుంట నిలవరాదు. ఐసు లేకుండా పలకపై పరచిన చేపను కొనకపోవడం మంచిది. ఇంటికి తెచ్చిన వెంటనే శుభ్రపరచి, 4 డిగ్రీలకు మించని ఫ్రిజ్‌లో ఉంచి ఒకటి రెండు రోజుల్లో వండుకోవాలి. ఎక్కువ కాలం నిల్వకు మైనస్ 18 డిగ్రీలు అవసరం.