అమ్మ ఇచ్చిన పరుపు

మావారికి చింతపల్లి బదిలీ అయి నాలుగేళ్ళయింది. నర్సీపట్నం నుంచి ఘాట్ ఎక్కి, లంబసింగి మీదుగా రావాలి. ఇక్కడి చలికి నేల మీద చాప వేసుకుని పడుకోవడం అయ్యే పని కాదు.

క్రితం ఏడు అత్తయ్యగారు మా దగ్గరికి వచ్చేశారు. రాగానే నడుం నొప్పి. గుంటలు పడని గట్టి పరుపు వెయ్యమన్నారు డాక్టరుగారు. ఇంట్లో ఉన్నదేమో నా పెళ్ళికి అమ్మ సారెలో పెట్టిన పత్తి పరుపు. ఇరవై రెండేళ్ళకి దూది ఉండలు కట్టి, మధ్యలో పల్లం పడింది. "పరుపు కాస్త పలచగా ఉందే" అని ఆ రోజు అత్తయ్యగారన్న మాట అమ్మ పోయేదాకా మరిచిపోలేదు. నేనూ మరిచిపోలేదు.

ఫోన్‌లో తొమ్మిది వేలకి ఒక పరుపు నచ్చింది. పిన్‌కోడ్ కొడితే మీ ఊరికి పంపలేమని వచ్చింది. ఉత్తరాలు తప్పిపోకుండా చేరాలని 1972లో పెట్టిన పిన్‌కోడ్, ఇప్పుడు మనకి ఏమేం రావో చెబుతోంది! నర్సీపట్నంలో కొంటే ధర మీద బండి కిరాయి అదనం.

"మా రోజుల్లో పరుపు కోసం మనం వెళ్ళేవాళ్ళం కాదమ్మా, దూదేకే ఆయనే గుమ్మంలోకొచ్చేవాడు" అన్నారు అత్తయ్యగారు.

నిజమే. దూది ఏకడం నూర్‌బాషాల కులవృత్తి. మనం దూదేకులవాళ్ళంటాం. వీరబ్రహ్మంగారి శిష్యుడు సిద్దయ్య వాళ్ళవాడే. మనిషంత విల్లు భుజాన వేసుకుని ఊళ్ళోకి వచ్చేవారు. వింటి తాడు దూదికి ఆనించి కొడుతుంటే, ఆ అదురుకి ఉండలన్నీ విడిపోయి దూది మళ్ళీ పొంగేది. అప్పట్లో అందరికీ పరుపులెక్కడివి? నులక మంచం మీద పాత చీరల బొంతే. పరుపంటే పెళ్ళికూతురికో, బాలింతకో. కానీ ఒకసారి కుట్టిస్తే ఏకించుకుంటూ తరాలు వాడుకునేవారు. దాని చవకంతా అందులోనే ఉంది.

1929లో ఇంగ్లండులో డన్‌లప్ కంపెనీవాళ్ళు రబ్బరు పాలు నురగ వచ్చేలా గిలక్కొట్టారు, ఆ నురగతోనే తరవాత పరుపులు చేశారు. అసలుది మనలో ఎందరు చూశామో గానీ, మెత్తటి పరుపు ఏదైనా మనకి డన్‌లప్ పరుపే! 1962లో కర్ణాటకలో కర్లాన్ మొదలైంది. కొబ్బరి పీచుకి రబ్బరు పాలు పట్టించిన పరుపులు వాళ్ళ పేరుతోనే మన ఇళ్ళకి చేరాయి. తరవాత ఫోము. ఇప్పుడైతే గాలి తీసేసి, చుట్ట చుట్టి, పెట్టెలో పంపుతున్నారు. సుఖంగానే ఉంటాయి. కాకపోతే పల్లం పడితే విప్పి బాగుచేసుకునే వీల్లేదు.

అమ్మ పరుపుకి ఆ వీలుంది కదా అనిపించింది. కుట్లు విప్పాను. దూది రెండు గోతాల్లో కుక్కి, మావారు బస్సు మీద వేసి నర్సీపట్నం తీసుకెళ్ళారు. అక్కడ ఇప్పుడు విల్లు లేదు, మిషను ఉంది. నాలుగు కిలోల కొత్త దూది కలిపించి ఏకించుకొచ్చారు. చారల గుడ్డతో నేనే సంచీ కుట్టాను. దబ్బనంతో కుట్లు వెయ్యడం మాత్రం అత్తయ్యగారు కూర్చుని నేర్పారు. అంతా కలిపి రెండు వేల ఆరు వందలు.

దిండ్లకి సంతలో బూరుగు దూది కొన్నాను. ఆ పీచు పొట్టిది, జారుడుది, నూలు వడకడానికి పనికిరాదు. కానీ నీళ్ళు పీల్చదు, తేలుతుంది. అందుకే ఒకప్పుడు ఓడల్లో వాళ్ళు ప్రాణరక్షణకి తొడుక్కునే కోట్లలో దాన్నే కూరేవారట. మనకేమో తలకింద దిండు!

ఆ రాత్రి అత్తయ్యగారు పరుపు మీద చెయ్యి వేసి నొక్కి చూశారు.

"మీ అమ్మ మంచి దూదే పోయించింది" అన్నారు.

ఇరవై రెండేళ్ళు పట్టింది ఆ మాటకి. వినడానికి అమ్మ లేదు. నేను విన్నాను.