ఒకే తెలుగు, ఒకే ఆఫ్రికా: స్ట్రీమింగ్ జాబితాల్లో ప్రాంతీయ సినిమా

హోసూరు రోడ్డు మీద కర్ణాటక పొలిమేర ఊరు అత్తిబెలె, ఆనేకల్ తాలూకాలోది. చెక్‌పోస్టు దాటితే తమిళనాడు. ఇటు పాలన కన్నడంలో, అటు తమిళంలో సాగుతున్నా రెండు వైపులా ఎన్నో ఇళ్లలో మాట తెలుగే. ఆనేకల్, హోసూరు, కోలారు సీమలను కలిపి మొరసునాడు అంటారు. ఆ సీమ తెలుగు బడి పుస్తకాల్లో కనబడదు, సినిమాల్లో మరీ అరుదు. స్ట్రీమింగ్ వేదికలు వైవిధ్యాన్ని ఎంతవరకు చూపగలవో ఇలాంటి చోటి నుంచి చూస్తే కొంత తేటపడుతుంది.

ఈ చర్చ ఆఫ్రికా సినిమా చుట్టూ కూడా నడుస్తోంది. 54 దేశాల సినిమాలన్నీ తరచూ ఒకే పేరు కింద చేరిపోతాయి. జెనెవీవ్ నాజీ తీసిన నైజీరియా చిత్రం 'లయన్‌హార్ట్'ను నెట్‌ఫ్లిక్స్ కొని ప్రపంచానికి చూపింది. 2019లో ఆస్కార్ అంతర్జాతీయ చిత్రాల పోటీ నుంచి దాన్ని తప్పించారు; సంభాషణల్లో ఇంగ్లీషు ఎక్కువైందన్నది కారణం. నైజీరియా అధికార భాష ఇంగ్లీషేనన్న సంగతి నిబంధనకు పట్టలేదు. 2024 జనవరిలో అమెజాన్ ప్రైమ్ వీడియో ఆఫ్రికాలో సొంత నిర్మాణాలకు పెట్టుబడి నిలిపేసింది. చోటిచ్చిన చెయ్యే దాన్ని వెనక్కి తీసుకోగలదు.

తెలుగు పరిస్థితి ఇంత దీనం కాదు. మన పరిశ్రమకు సొంత మార్కెట్టుంది, 2020 నుంచి 'ఆహా' అనే స్ట్రీమింగ్ వేదిక కూడా ఉంది. అయినా 'ఆర్ఆర్ఆర్' సంగతి చూడండి. 2022 మే నెలలో నెట్‌ఫ్లిక్స్‌కు వచ్చింది హిందీ రూపం. తెలుగు జీ5లో ఉండిపోయింది. విదేశాల్లో ఎందరో ఆ సినిమాను తొలిసారి హిందీ గొంతులతోనే విన్నారు. హక్కులను భాషల వారీగా అమ్మినప్పుడు ఇది మామూలే. కానీ తెలుగు సినిమా ప్రపంచాన్ని గెలిచిందని పొంగిపోయే ముందు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

అత్తిబెలె చెవికి కాస్త దగ్గరైన సినిమా వేరే ఉంది. ప్రవీణ్ కండ్రేగుల తీసిన 'సినిమా బండి', రాజ్–డీకే నిర్మాణం, 2021 మే 14న నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైంది. ఆటోలో ఎవరో మరిచిపోయిన కెమెరా దొరికితే డ్రైవరు వీరబాబు ఊరివాళ్లతో సినిమా తీయబూనుతాడు. కథ జరిగేది ఆంధ్ర–కర్ణాటక సరిహద్దు పల్లెలో. పాత్రలు ఆ సరిహద్దు యాసనే మాట్లాడతాయి, దాన్ని నవ్వులాటకు వాడుకోకుండా. పెద్ద తారలెవరూ లేని ఇలాంటి చిత్రానికి థియేటర్లు దొరకడం కష్టం. స్ట్రీమింగ్ చేసిన మేలును ఇక్కడ ఒప్పుకోవాల్సిందే.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. 'సినిమా బండి', విశాఖ 'కేరాఫ్ కంచరపాలెం', తెలంగాణ 'బలగం' – ఈ మూడింటికీ భాష అన్న గడిలో పడే ముద్ర ఒకటే: తెలుగు. యాసకు, సీమకు వేరే గడి లేదు. వీక్షణ లెక్కల్లోనూ అంతే. 2023 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ తొలిసారి విడివిడిగా పద్దెనిమిది వేలకు పైగా శీర్షికల వీక్షణ గంటలు ప్రకటించింది. అవి ప్రపంచం మొత్తానికి కలిపిన అంకెలు, దేశాల విభజన కూడా లేదు. ఇక తాలూకాల మాటెక్కడ? సరిహద్దు యాస సినిమాను సరిహద్దు మనుషులు చూశారో లేదో బయటి పరిశోధకుడికి తేల్చే దారి లేదు. నిర్మాతకూ తన ప్రేక్షకులు ఎక్కడున్నారో చూపి తర్వాతి సినిమాకు డబ్బు అడిగే ఆధారం దక్కదు. థియేటరు రోజుల్లో కనీసం జిల్లాల వారీ వసూళ్లయినా పంపిణీదారుల దగ్గర ఉండేవి.