పహాణీయును ఓటును

పల్లెటూరి ప్రజలకు రాజకీయాభిప్రాయములు లేవనియు, ఎవరు పిలిచిన వారి వెంట నడతురనియు పట్టణములలో చదువుకొన్నవారు తరచుగా ననుచుందురు. ఇది విచారించి చేసిన నిర్ణయము గాదు. సోమరితనమువలన పుట్టిన మాట. తెలంగాణము పల్లెలు మిక్కుటముగా గల రాష్ట్రము. 2011 జనాభా లెక్కలనాడు ఈ ప్రాంతపు ప్రజలలో నూటికి 61 మంది గ్రామవాసులు. వారి యభిప్రాయమును జెండాల రంగునుబట్టి కొలిచినచో పదియేండ్ల కొకమారు తలక్రిందులైనట్లే కనబడును. జెండాను విడిచి, భూమిలెక్క వ్రాయు పుస్తకమును చేతబట్టి చూచినచో మాత్రము అం దొక వరుస గోచరించును. ఈ వరుసను చూపుటకు హైదరాబాదునకు ఉత్తరమున నున్న మేడ్చల్, శామీరుపేట సీమకంటె తగిన చోటు నాకు తోచలేదు.

నిజాము రాష్ట్రమున భూమి మూడు తెరగులుగా నుండెను. ఇంచుమించుగా నూటికి 60 పాళ్లు ప్రభుత్వమునకు నేరుగా శిస్తు చెల్లించు దివానీ భూమి. 30 పాళ్లు జాగీరులు. తక్కిన 10 పాళ్లు సర్ఫెఖాసు, అనగా నిజాము సొంత ఖర్చులకై ప్రత్యేకింపబడిన భూమి. నగరమును చుట్టియున్న సర్ఫెఖాసు జిల్లాకు అత్రాఫెబల్దా యని పేరు. నగర పరిసరములని దాని యర్థము. మేడ్చల్ అందులోనిది. జాగీరు గ్రామపు రైతు జాగీర్దారు చేసిన యన్యాయమునుగూర్చి ప్రభువునకు మొరపెట్టుకొందునని యాశింపవచ్చును; ఆ మొర ఫలించినను ఫలింపకున్నను, మొర వినదగిన మూడవవా డొకడు కలడను తలంపు వానికి మిగిలియుండెను. సర్ఫెఖాసు రైతునకు భూస్వామియు ప్రభువును ఒక్కరే. శిస్తు గట్టించుకొనువాడే తీర్పు చెప్పువాడైనపుడు అర్జీ యెవరికి వ్రాయవలెను? వ్రాసినను పై కచ్చేరీల వ్యవహారమంతయు ఉర్దూలో జరుగుచుండెను. తన పేర కాగితములో నేమి యున్నదో రైతునకు తెలియదు, పట్వారికి తెలియును.

ఈ సంగతి మనసున నుంచుకొని 1921 నవంబరులో హైదరాబాదున వివేకవర్ధనీ పాఠశాలలో జరిగిన సంఘసంస్కార సభను తలంచుకొనవలెను. ఆ సభకు స్త్రీవిద్య కొరకు జీవితము ధారవోసిన కార్వే పండితుడు అధ్యక్షుడు. అట్టి సభలో అల్లంపల్లి వేంకటరామారావు తెలుగులో మాటలాడబోగా సభ్యులు గేలిచేసి కూర్చుండబెట్టిరి. సంస్కర్తల సభలోనే యిట్లు జరుగుట మన సంస్కారోద్యమ చరిత్రమున మరచిపోరాని సంగతి. ఆ రాత్రి పుట్టిన ఆంధ్ర జనసంఘమే తరువాత ఆంధ్ర మహాసభయై, 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి యధ్యక్షతను తొలిసారి కూడెను. దాని ప్రక్కనే నడింపల్లి సుందరమ్మ యధ్యక్షతను మహిళాసభయు జరిగెను. దీనిని భాషాభిమానపు చరిత్రగా మాత్రమే చెప్పుట వాడుకయైనది. నా తలంపున ఇది సగము భూమి చరిత్ర. వెట్టిచాకిరి మాన్పింపవలెననియు, పాఠశాలలు తెలుగున నుండవలెననియు వారు కోరినపుడు, ఆ రెండు కోరికలకును మూలము తన్నుగూర్చి వ్రాసిన కాగితమును తానే చదువుకొనవలెనను రైతు కోరికయే.

1944లో భువనగిరి సభనాడు ఆంధ్ర మహాసభ చీలిపోయెను. రావి నారాయణరెడ్డి ప్రభృతులు దానిని కమ్యూనిస్టు మార్గమునకు త్రిప్పిరి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకి గుండునకు బలియైన పిమ్మట నల్లగొండ, వరంగల్లు సీమలు మండినవి. శామీరుపేటనుండి భువనగిరి ఒక దినపు బండిప్రయాణమునకు మించిన దూరము గాదు. అయినను ఆ మంట పడమరకు అదే బలముతో వ్యాపింపలేదు. ఏల?

మేడ్చల్ రైతు పిరికివాడని యనువా రుందురు. అది సమాధానము గాదు. నల్లగొండలో అణచువాడు కంటి కెదురుగ నుండెను. వానికొక గడీ, గడీకొక వాకిలి, ఆ వాకిట నిలిచి కేకవేయుటకు వీలు. మేడ్చల్ భూస్వామి కింగుకోఠిలో నుండెను. వాని పక్షమున గ్రామమునకు వచ్చునది గుమాస్తా మాత్రమే. ఇక రెండవ కారణము నగరము. పాలు, కూరగాయలు, వంటచెరకు అమ్ముకొనుటకు అంగడి దగ్గర; మన్మాడు వరకు సాగిన రైలుమార్గము మేడ్చల్ మీదుగనే పోవును; దారిలో బొల్లారము, సికిందరాబాదు దండుబస్తీలలో కూలి దొరకును. వెట్టి భరింపలేనివాడు తిరుగబడుటకు మారుగా రాత్రికి రాత్రి మూట గట్టుకొని పోవచ్చును. పారిపోవుటకు దారి యున్నచోట తిరుగుబాటు ఆలసించుట లోకములో పలుచోట్ల కనబడునదే.

ఇంకొకటి గమనింపదగినది. నల్లగొండ రైతులు గడీలపై బడినపుడు ధాన్యముతో పాటు అప్పుపత్రములను, లెక్కపుస్తకములను బయటికి దెచ్చి కాల్చిరి. 1875లో పూనా, అహమదునగరు జిల్లాలలో రైతులు వడ్డీవ్యాపారుల పత్రములను కాల్చిన తీరే యిది. చదువురానివానికి కాగితముపై నెంత యక్కసు గలదో యీ రెండు దృష్టాంతములును తెలుపుచున్నవి.

1948 సెప్టెంబరులో పోలీసుచర్య ముగిసెను. 1949 ఫిబ్రవరిలో సర్ఫెఖాసు దివానీలో కలిసిపోయెను. ఆగస్టు 15న జాగీరుల రద్దు శాసనము వెలువడెను. 1950లో కౌలుదారీ చట్టము వచ్చెను. వరుసగా ఆరేండ్లు భూమి దున్నిన కౌలుదారును రక్షిత కౌలుదారుగా నమోదు చేయవలెనని దాని నిబంధన. ఆ రిజిస్టరును, 1954-55 నాటి ఖాస్రా పహాణీయును నేటికిని న్యాయస్థానములలో సాక్ష్యములుగా విప్పబడుచున్నవి. డెబ్బదియేండ్ల క్రిందట ఒక గ్రామోద్యోగి వ్రాసిన, లేక వ్రాయక విడిచిన, ఒక్క పేరు మనుమల తరమువారికి అన్నమో అప్పో యగుచున్నది. నగరమునకు దూరమైన మెట్టపొలములో ఆ పేరు తప్పిపోయిన నష్టము కొంత. మేడ్చల్, శామీరుపేటలలో ఎకరము కోట్ల పలుకు నేడు ఆ నష్టమునకు మేర లేదు.

1952 ఎన్నికలలో హైదరాబాదు శాసనసభలోని 175 స్థానములలో కాంగ్రెసునకు 93 వచ్చినవి. కమ్యూనిస్టులు నిషేధమునందుండి, ప్రజాస్వామ్య ఫ్రంటు పేర పోటీచేసి 42 గెలిచిరి. నల్లగొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూకంటెను ఎక్కువ ఓట్లు పడినవి. దీనిని సిద్ధాంతముల పోరాటముగా వర్ణించుట సులభము. నా కిట్లు తోచును: భూమిని చేతితో పట్టుకొన్న పల్లె దానిని పట్టించినవారికి ఓటు వేసెను, కాగితముపై వాగ్దానము పొందిన పల్లె కాగితము నిచ్చు ప్రభుత్వమునకు వేసెను. రెండును వివేకముతో గూడిన పనులే.

1956 నాటి పెద్దమనుషుల ఒప్పందములో తెలంగాణపు వ్యవసాయభూముల విక్రయము ప్రాంతీయ మండలి యదుపున నుండవలెనను షరతు గలదు. ఉద్యోగముల షరతును అందరు జ్ఞాపకముంచుకొనిరి. భూమి షరతును పట్టణవాసులు మరచిరి, పల్లెవారు మరువలేదు. 1969 ఉద్యమమున విద్యార్థుల వెనుక పల్లెలు నిలిచుటకును, 1971లో ప్రజాసమితి 14 లోకసభ స్థానములలో 10 గెలుచుటకును ఇదియు నొక కారణమని నా నమ్మకము.

ఆ మీదట మేడ్చల్, శామీరుపేటల రూపు మారెను. మోటబావుల క్రింద ద్రాక్షతోటలు లేచినవి. అనాబేషాహీ ద్రాక్ష ఈ సీమకు పేరు దెచ్చెను. భూగర్భజలము క్రిందికి పోయెను, భూమిధర పైకి పోయెను. తోటల కడీలు పోయి ప్లాట్ల హద్దురాళ్లు వచ్చినవి. శామీరుపేట దరిని జీనోమ్ వ్యాలీ యను ఔషధపరిశోధనాక్షేత్రమును, మేడ్చల్, శామీరుపేటల మీదుగ బాహ్యవలయ రహదారియు వెలసినవి.

ఈ నడుమ 1984లో నందమూరి తారకరామారావు ప్రభుత్వము పటేలు పట్వారీల వ్యవస్థను రద్దుచేసెను. దీని విలువను మన చరిత్రకారులు తగినంతగా గుర్తింపలేదు. తరతరములుగా పుస్తకము ఏ కొద్ది యిండ్లలో నుండెనో ఆ యిండ్లనుండి అది బయటికి వచ్చినదన్న మాట వెనుకబడిన కులములవారి చెవికి ఎట్లు వినిపించి యుండునో యూహింపవచ్చును. 1994, 1999, 2004లలో మేడ్చల్ ప్రజలు తెలుగుదేశము పక్షమున దేవేందర్ గౌడును ఎన్నుకొనిరి. ఆయన 2008లో ప్రత్యేకరాష్ట్రము కొరకు ఆ పక్షమును విడిచిపోయెను. 2009లో మేడ్చల్ కాంగ్రెసునకును, 2014 మొదలు మూడుమార్లు తెలంగాణ రాష్ట్రసమితికిని (2022లో అది భారత రాష్ట్రసమితి యని పేరు మార్చుకొనెను) చెల్లెను.

ఇక 2018 మే నెలలో రైతుబంధు వచ్చెను. ఎకరమునకు పంటకు 4,000 రూపాయలు పట్టాదారునకు నేరుగా చేరెను, కౌలుదారునకు చేరలేదు. ఆ డిసెంబరులోనే పాలకపక్షము 119 స్థానములలో 88 గెలిచెను. 2020 సెప్టెంబరులో గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ రద్దయి, అక్టోబరు 29న ధరణి యను కంప్యూటరు పుస్తకము ప్రారంభింపబడెను. ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు దానిని ప్రారంభించిన చోటు మరెక్కడో కాదు, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని మూడుచింతలపల్లి. పాత సర్ఫెఖాసు నేలకు కొత్త పుస్తకము! పట్వారి చేతిలో తప్పు పడినచో వాని యింటికి పోయి తిట్టవచ్చును, బ్రతిమాలవచ్చును. యంత్రములో తప్పు పడినచో వాకిలి యెక్కడ? పహాణీలో వెనుక నుండిన అనుభవదారు గడి కొత్త పుస్తకమున లేకపోయెను. దున్నువాని పేరు వ్రాయుటకు చోటే పోయెను.

2023 ఎన్నికలలో పల్లెలు ఆ ప్రభుత్వమును దించినవి; కాంగ్రెసునకు 64, భారాసకు 39. అయితే ధరణి పుట్టిన మేడ్చల్ సహా ఆ జిల్లాలోని అయిదు స్థానములును భారాసకే దక్కినవి. ఇందు వింత లేదు. 2011 లెక్కలనాటికే ఆ జిల్లా నూటికి తొంబదిపాళ్లు పట్టణము. అచ్చట భూమి అమ్ముకొనవలసిన సరకు. అమ్మువానికి, కొనువానికి తెల్లవారుసరికి చేతిలోబడు పత్రము మేలు. దున్నుకొని బ్రతుకువానికి అట్లు గాదు. ఒకే పుస్తకము రెండు విధములైన ఓట్లను పుట్టించినది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానమున భూభారతి వచ్చెను.

ఈ పుస్తకముల పరంపరలో ఎవరును తెరువని పుట యొకటి మిగిలియున్నది. 1985 సెప్టెంబరు 5 నాటికి వివాహము గాని కూతుళ్లకు ఉమ్మడి యాస్తిలో కొడుకులతో సమభాగము కలదని ఆంధ్రప్రదేశ శాసనము విధించెను. 2005లో కేంద్రశాసనము ఆ హక్కును దేశమంతటి కూతుళ్లకును, వివాహితలకు సైతము, విస్తరించెను. శాసన మట్లుండగా మన యిండ్లలో నడచునది వేరు. తండ్రి పోయినపుడు విరాసతు కాగితమున అన్నదమ్ముల పేర్లు మాత్రమే ఎక్కును. ఏండ్లు గడచి భూమిని అమ్మదలచినపుడు, కొనువాని వకీలు పట్టుబట్టగా, ఆడుబిడ్డకు కబురు పోవును. ఆమెకు చీర పెట్టుదురు, భోజనము పెట్టుదురు, హక్కు విడిచితినని సంతకము చేయించుకొందురు. జోగిపేటలో మహిళాసభ కూడినది 1930లో. మేడ్చల్‌లో ఓటడిగిన పక్షములలో ఏ యొక్కటియు ఆ సంతకమునుగూర్చి యింటివారి నడుగగా నేను వినలేదు.