పొగాకు ఖర్చు: హుక్కా నుంచి సిగరెట్టు దాకా



మొన్న పహాడీ షరీఫ్ గుట్ట కింద ఒక డబ్బా దుకాణం దగ్గర ఒక పెద్దాయన నన్ను ఆపి, "సారూ, సిగరెట్టుతో ఇల్లు గుల్ల అయితది. బీడీ అయితే అగ్గువే గదా?" అని అడిగాడు. అక్కడ నిలబడి జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు మీ అందరి ముందు చెబుతాను. అందుకు కొంచెం వెనక్కి పోవాలి.

గుట్ట మీద దర్గాలో ఉన్న బాబా షర్ఫుద్దీన్ 13వ శతాబ్దపు మహనీయుడు. ఆయన నాటికి మన దేశంలో పొగాకు మొక్కే లేదు. అమెరికా ఖండపు ఈ మొక్కను తరువాత పోర్చుగీసువారు తెచ్చారు. 1604 ప్రాంతంలో అసద్ బేగ్ అనే ఉద్యోగి బీజాపూరు నుంచి పొగాకును, రత్నాలు తాపిన హుక్కాను తీసుకుపోయి అక్బరు ముందుంచాడు. 1617లో జహంగీరు వద్దని ఆజ్ఞ ఇచ్చాడు గాని అలవాటు ఆగలేదు. హుక్కాకు ఖర్చంతా సామానులోనే. అది నలుగురి మధ్య తిరిగేది కనుక ఖర్చూ నలుగురి మీద పడేది.

చుట్ట సంగతి వేరు. గోదావరి లంకల ఆకు దీనికి పేరుపడ్డది. పెరట్లో నాలుగు మొక్కలు వేసి, ఆకు ఆరబెట్టి చుట్టుకునేవానికి చేతి నుంచి కాసు కదలదు. 1943లో బ్రిటిష్ ఇండియాలో పొగాకుపై ఎక్సైజు సుంకం వచ్చింది. ముడి ఆకుపై దానిని 1979లో ఎత్తివేశారు. అయితే ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని 'అడ్డపొగ' తాగే ఆడవారి అంగిలికి కాన్సరు పట్టింది. కాసు అడగని చుట్ట తన బాకీని అక్కడ వసూలు చేసుకున్నది.

ఇక బీడీ. తునికాకు మన అడవులది. పొగాకు చాలావరకు గుజరాతు, కర్ణాటకల నుంచి వస్తుంది. నిజామాబాదు, కరీంనగరు ప్రాంతాల్లో ఆడవారు ఇంట్లో కూర్చుని వేయి బీడీలకు ఇంత అని కూలికి చుడతారు. వారి రక్షణకు 1966లో చట్టం వచ్చింది. 2017లో జీఎస్టీ పెట్టినప్పుడు సిగరెట్టుపై అదనపు సెస్సు వేశారు, బీడీపై వేయలేదు. అంటే బీడీ అగ్గువ కావడానికి కారణం దాని మంచితనం కాదు. చుట్టేవారికి కూలి తక్కువ, సర్కారుకు పన్ను తక్కువ, అంతే.

సిగరెట్టు మిల్లు సరుకు. హైదరాబాదులో వజీర్ సుల్తాన్ కంపెనీ 1916లో పుట్టింది. గుంటూరు సీమలో వర్జీనియా పొగాకు 1920 ప్రాంతంలో అడుగు పెట్టింది. ఆ ఆకును బ్యారన్‌లో మంట పెట్టి పండబెట్టాలి. కట్టెలు, యంత్రం, డబ్బా, పన్ను అన్నీ కలిసి ధర పెరుగుతుంది.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకు వద్దాం. బీడీలో పొగాకు సుమారు కాలు గ్రాము, సిగరెట్టులో ముప్పావు గ్రాము. కాని తునికాకు గాలి పీల్చదు. బీడీ ఆరిపోకుండా మాటిమాటికి దమ్ము లాగాలి. కనుక పొగాకు తక్కువైనా తారు, నికోటిన్ తక్కువగా రావని పరిశోధనలు తేల్చాయి. పైగా అగ్గువ కదా అని కట్టకు కట్ట కాలుస్తాం. రోజుకు 20 రూపాయలు పోయినా ఏడాదికి 7,300 రూపాయలు. అగ్గిపెట్టెల లెక్క వేరే.

ఈ లెక్క నేను పుస్తకంలో నేర్వలేదు. మా నాయిన పోయిన తరువాత దుకాణం ఖాతా పుస్తకం విప్పి చూశాను. రోజూ ఒకే వరుస: బీడీ కట్ట, బీడీ కట్ట. దాని కిందనే విత్తనాలకు తెచ్చిన అప్పు, వడ్డీ. ఊపిరి ఆడక ఆయన ఆసుపత్రి పాలైన ఏడు అరెకరం అమ్మినాం. అది ఏ ఖాతాలోనూ బీడీ కింద రాయలేదు.

కాబట్టి సోదరులారా, ఒక నెల రోజులు గోడ మీద బొగ్గుతో గీతలు గీయండి, కట్టకు ఒక గీత. నెలాఖరున వాటిని విత్తనాల ధరతో పోల్చి చూడండి. మానాలని మనసైతే ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి, దారి చెబుతారు. పెద్దాయనా, మీకు నా జవాబు ఇదే: హుక్కా, చుట్ట, బీడీ, సిగరెట్టు, వీటిలో అగ్గువది ఏదీ లేదు. ముందు కట్టేది కొన్నింటికి, వెనుక కట్టేది కొన్నింటికి. అంతే తేడా.