మీ మెడికల్ రిపోర్ట్ ఎవరి చేతికి వెళ్లొచ్చు? పేషెంట్ గోప్యతపై చట్టం ఏం చెబుతోంది?

రక్తపరీక్ష చేయించుకుంటే రిపోర్ట్ కొన్ని గంటల్లోనే ఫోన్‌కు వచ్చేస్తోంది. అంతే వేగంగా అది వేరేవాళ్ల ఫోన్లలోకీ వెళ్లిపోవచ్చు. హెచ్‌ఐవీ, టీబీ, మానసిక సమస్య, అబార్షన్.. ఇలాంటి విషయం ఒక్కసారి బయటికి పొక్కితే ఉద్యోగం, పెళ్లి సంబంధం, అద్దె ఇల్లు కూడా చేజారే పరిస్థితి. ఆ భయంతోనే టెస్టుకు, ట్రీట్‌మెంట్‌కు దూరంగా ఉండిపోయేవాళ్లున్నారు. అందుకే పేషెంట్ రహస్యాన్ని కాపాడటం కూడా వైద్యంలో భాగమే.

అమెరికాలో దీనికోసం 1996లోనే హిప్పా అనే చట్టం వచ్చింది. మన దేశంలో అలాంటి ఒకే ఒక్క చట్టం లేదు. రక్షణ మాత్రం ఉంది. అది నాలుగైదు చట్టాల్లో విడివిడిగా ఉండటంతో చాలామందికి తెలియడం లేదు.

డాక్టర్‌కు ఉన్న హద్దులు

డాక్టర్లందరికీ వర్తించేవి మెడికల్ కౌన్సిల్ 2002 నాటి ప్రవర్తనా నియమావళి. వీటి స్థానంలో 2023 ఆగస్టులో కొత్త నిబంధనలు తెచ్చినా, అదే నెలలో నిలిపివేశారు. దీంతో పాతవే మళ్లీ అమల్లోకి వచ్చాయి.

వైద్యం చేసే క్రమంలో తెలిసిన పేషెంట్ రహస్యాలను డాక్టర్ బయటపెట్టకూడదు. దీనికి మూడు మినహాయింపులే ఉన్నాయి. ఒకటి, జడ్జి ఆదేశించినప్పుడు. రెండు, ఫలానా వ్యక్తికో, సమాజానికో తీవ్ర ముప్పు ఉన్నప్పుడు. మూడు, ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలపాల్సిన జబ్బు అయినప్పుడు. టీబీ ఈ మూడో కోవలోకి వస్తుంది. 2012 నుంచి ప్రైవేటు డాక్టర్లు కూడా టీబీ కేసుల వివరాలు ప్రభుత్వానికి ఇవ్వాల్సిందే. అలాగని ఆ పేరు కాలనీలో చెప్పడానికి మాత్రం వీల్లేదు.

గుర్తుపట్టేలా ఉన్న పేషెంట్ ఫోటోను అనుమతి లేకుండా ప్రచురించడం కూడా ఇవే నిబంధనల ప్రకారం తప్పు.

హెచ్‌ఐవీ: రాతపూర్వక అనుమతి ఉండాల్సిందే

1998లో ఓ కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. రక్తదానం సమయంలో ఒక వ్యక్తికి హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలింది. ఆ విషయం బయటికి రావడంతో కుదిరిన పెళ్లి ఆగిపోయింది. ఆయన కోర్టుకు వెళ్లినా, పెళ్లి చేసుకోబోయే అమ్మాయి ప్రాణం కూడా ముఖ్యమేనంటూ కోర్టు ఆసుపత్రి వైపే నిలిచింది. గోప్యతకూ ఒక హద్దు ఉందని ఆ తీర్పు సారాంశం.

ఆ హద్దు ఎక్కడుందో 2017లో వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం స్పష్టం చేసింది. ఇది 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. నమ్మకంతో చెప్పిన హెచ్‌ఐవీ సమాచారాన్ని ఆ వ్యక్తి రాతపూర్వక అనుమతి లేకుండా బయటపెట్టడం కుదరదు. జీవిత భాగస్వామికి డాక్టర్ లేదా కౌన్సెలర్ చెప్పాలన్నా పద్ధతి ఉంది. ముందు పేషెంట్‌కు కౌన్సెలింగ్ ఇచ్చి, తానే చెప్పేలా ఒప్పించాలి. ఆయన చెప్పడని తేలితే, మేమే చెబుతున్నామని ముందుగా తెలియజేయాలి. ఆ తర్వాతే చెప్పాలి. ఆ సమాచారం వల్ల మహిళపై హింస జరుగుతుందని, ఇంట్లోంచి గెంటేస్తారని భయం ఉంటే మాత్రం చెప్పకూడదు.

ఉద్యోగం ఇవ్వాలంటే హెచ్‌ఐవీ టెస్ట్ చేయించుకోమని షరతు పెట్టడాన్ని కూడా ఈ చట్టం నిషేధించింది.

మానసిక చికిత్స, అబార్షన్

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ పేషెంట్‌కు గోప్యత హక్కు ఇచ్చింది. 24వ సెక్షన్ ప్రకారం చికిత్సలో ఉన్న వ్యక్తి ఫోటో గానీ, వివరాలు గానీ ఆ వ్యక్తి అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదు. ఈ చట్టాన్ని మొదటిసారి ఉల్లంఘిస్తే 6 నెలల వరకు జైలు లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

అబార్షన్ చేయించుకున్న మహిళ పేరు, వివరాలను చట్టం అధికారం ఇచ్చినవారికి తప్ప డాక్టర్ ఎవరికీ చెప్పకూడదు. చెబితే ఏడాది వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ. 2021 సవరణతో ఈ నిబంధన చట్టంలో చేరింది. మైనర్ బాలిక విషయంలో పోక్సో చట్టం కింద పోలీసులకు సమాచారం ఇవ్వాలి కదా అనే సందేహం ఉండేది. బాలిక, ఆమె సంరక్షకులు కోరితే పేరు, గుర్తింపు వివరాలు ఇవ్వనక్కర్లేదని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు చెప్పింది.

ఆన్‌లైన్ రికార్డుల సంగతేంటి?

2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై సైబర్ దాడి జరిగింది. రోజుల తరబడి ఓపీ పనులన్నీ కాగితాల మీదే నడిచాయి. అన్నీ కంప్యూటర్లలోకి ఎక్కితే ఎంత సౌకర్యమో, అంత రిస్క్ కూడా ఉందని ఆ ఘటన చూపించింది.

14 అంకెల ఆభా నంబర్ తీసుకోవడం స్వచ్ఛందం. అది ఉన్నా, రికార్డులు షేర్ చేయాలంటే మీ అనుమతి కావాలి. ఇచ్చిన అనుమతిని తర్వాత వెనక్కి తీసుకోవచ్చు.

వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నిబంధనలను 2025 నవంబర్‌లో నోటిఫై చేశారు. ఆసుపత్రులు, ల్యాబ్‌లు పాటించాల్సిన ప్రధాన నిబంధనలకు 18 నెలల గడువు ఇచ్చారు. అవి అమల్లోకి వచ్చాక, డేటాకు తగిన భద్రత కల్పించకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడొచ్చు. డేటా లీకైతే ఆ విషయం పేషెంట్‌కు చెప్పి తీరాలి.

ఇక్కడో చిక్కుంది. ఆ జరిమానా ప్రభుత్వ ఖజానాకే వెళ్తుంది. నష్టపోయిన పేషెంట్‌కు పరిహారం ఇచ్చే ఏర్పాటు కొత్త చట్టంలో లేదు. పైగా డేటా లీకైతే ప్రైవేటు సంస్థల నుంచి పరిహారం కోరే వీలున్న ఐటీ చట్టం 43ఏ సెక్షన్‌ను కూడా ఇది తొలగిస్తుంది.

బంధువులు అడిగితే?

మన దగ్గర ఎక్కువగా వచ్చే సమస్య ఇదే. పేషెంట్ కంటే ముందు బంధువులకే అంతా తెలిసిపోతుంది. పేషెంట్ మేలు కోసం పరిస్థితిని దగ్గరివాళ్లకు వివరించే వీలు డాక్టర్‌కు ఉంది. కానీ పలకరించడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ కేస్ షీట్ చూపించమని కాదు. ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో అడ్మిషన్ రోజే కాగితం మీద రాసిచ్చి, ఒక కాపీ దగ్గర పెట్టుకుంటే తర్వాత గొడవ ఉండదు.

మీ రికార్డు మీకు ఇవ్వాల్సిందే

గోప్యత పేరు చెప్పి పేషెంట్‌కే రికార్డు ఇవ్వని ఆసుపత్రులూ ఉన్నాయి. అది కుదరదు. పేషెంట్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన వ్యక్తి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు భద్రపరచాలి.

వివరాలు బయటికి పొక్కితే ఏం చేయాలి?

* స్క్రీన్‌షాట్, మెసేజ్ వచ్చిన తేదీ, సమయం, పంపినవారి నంబర్ ముందుగా భద్రపరచుకోవాలి. మెసేజ్‌ను ఇంకొకరికి ఫార్వర్డ్ చేయొద్దు.
* ఆసుపత్రి సూపరింటెండెంట్ లేదా మేనేజ్‌మెంట్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోవాలి.
* తప్పు డాక్టర్‌దైతే తెలంగాణ లేదా ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు. కౌన్సిల్ 6 నెలల్లో తేల్చాలని నిబంధన ఉంది.
* ప్రైవేటు ఆసుపత్రి, ల్యాబ్ నిర్లక్ష్యమైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు.
* హెచ్‌ఐవీ విషయమైతే, 20 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది ఉండే వైద్య సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఆ పైన రాష్ట్ర అంబుడ్స్‌మన్ ఉంటారు.
* మానసిక చికిత్స విషయమైతే మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు ఫిర్యాదు చేయవచ్చు.