బంచరాయి నుంచి గజాల దాకా

తొమ్మిదో తరగతి పిల్లలను ఆ మధ్య రెండు మాటలకు అర్థం అడిగాను. "వెంచరు" అనగానే తరగతిలో సగం చేతులు లేచాయి. "బంచరాయి" అంటే ఒక్క చెయ్యే లేచింది. ఆ పిల్లవాడి తాత గొర్రెల కాపరి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల చుట్టూ గడిచిన డెబ్బయి ఏళ్లలో ఏం జరిగిందో తెలుసుకోవాలంటే ఈ రెండు మాటలను పక్కపక్కన పెట్టి చూడాలి.

బంచరాయి అంటే ఊరందరి పశువులూ మేసే భూమి. రెవెన్యూ కాగితాల్లో దీన్నే గైరాన్ అని కూడా రాశారు. దీనితోపాటు చెరువు శిఖం, బొందలగడ్డ, గ్రామకంఠం, బండి బాటలు ఉండేవి. ఇవేవీ ఎవరి పట్టా కిందికీ రానివి. గుంట భూమి లేని పాలేరు కూడా రెండు మేకలను, ఒక బర్రెను సాకగలిగాడంటే ఈ భూమి వల్లనే. పొయ్యిలోకి కంప, పొలానికి తంగేడాకు, గోడకు మట్టి అక్కడి నుంచే వచ్చేవి. కూలి దొరకని నెలల్లో పేదవాడి సంసారం గడిచింది దాని మీదనే. మన ఆర్థిక చరిత్రకారులు ఈ ఆదాయాన్ని లెక్క కట్టిన సందర్భాలు తక్కువ.

ఈ భూమి తనదని ఊరికి తెలుసు గాని కాగితం ఆ మాట చెప్పలేదు. 19వ శతాబ్దం ఉత్తరార్ధంలో మొదటి సాలార్‌జంగ్ సంస్కరణల వెంట సర్వే, బందోబస్తు వచ్చాయి. ప్రతి భూమికీ ఒక నంబరు, ప్రతి నంబరుకూ ఒక యజమాని ఏర్పడ్డారు. పట్టాదారు లేని భూమికి యజమాని సర్కారే. 1317 ఫస్లీ, అంటే 1907-08 నాటి భూమి శిస్తు చట్టం కింద మేతకు భూమి విడిచిపెట్టవచ్చు. అయితే విడిచిపెట్టేది సర్కారు, మేపుకునేది ప్రజలు. నిన్నటిదాకా హక్కుగా ఉన్నది ఆనాటి నుంచి అనుమతిగా మారింది. తరువాత జరిగిన అన్యాయాలన్నింటికీ మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. అనుమతి ఇచ్చినవాడు దానిని వెనక్కి తీసుకోగలడు కదా!

శిస్తు వసూలు అధికారం పోయినా దేశ్‌ముఖులు, దేశ్‌పాండేలు ఈ కాగితాల కాలంలోనే భూములను తమ పేర రాయించుకున్నారు. సూర్యాపేట తాలూకా జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలున్నట్టు పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటంపై రాసిన గ్రంథంలో పేర్కొన్నారు. ఊళ్ల బంజర్లు, మేత భూములు కలవకుండా అంత భూమి ఒక్క పేరు కిందికి రావడం సాధ్యమేనా?

1946-51 సాయుధ పోరాటంలో సుమారు మూడు వేల గ్రామాలలో పది లక్షల ఎకరాలు పంచారు. దొరల భూములతోపాటు బంజర్లు కూడా అందులో ఉన్నాయి. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన పోరాట సాహిత్యంలో గడీ ఉంది, వెట్టి ఉంది, నాగలి ఉంది. మేత భూమి మాత్రం నామమాత్రం. "దున్నేవానికే భూమి" అన్న నినాదంలో మేపేవాడికి చోటు తక్కువైంది. నేను ఆ నినాదాన్ని తప్పు పట్టడం లేదు. ఆకలితో ఉన్నవాడు గడ్డి నేలను సాలు చేసుకున్నాడు. అది న్యాయమే. కాని విమర్శకులమైన మనం ఆ ఖాళీని గమనించి ఉండవలసింది.

పోరాటం అణగిన తరువాత 1954-55 ఖాస్రా పహాణీ తయారైంది. 1958 జూలై 25 నాటి 1406 నంబరు జీ.వో. సర్కారు భూమిని భూమిలేని పేదలకు అసైన్ చేసే పద్ధతిని నిర్ణయించింది. దున్నుకు తినవచ్చు, వారసులకు ఇవ్వవచ్చు, అమ్మరాదు. అలా అమ్మితే చెల్లదని 1977లో ప్రత్యేక చట్టమే వచ్చింది. కాగితం మీద ఇంతకన్న గట్టి కంచె లేదు.

ఇంతలో 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల రూపాన్నే మార్చింది. చౌడు భూమి వరి మడి అయింది. కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొన్నారు. మిర్యాలగూడ రైసుమిల్లుల పట్టణంగా ఎదిగింది. మిల్లు వచ్చిన చోట గుమాస్తాకు, డ్రైవరుకు, హమాలీకి ఇల్లు కావాలి. సూర్యాపేటకు ఆ ఊపు కాలువ కన్న రోడ్డు నుంచి ఎక్కువగా వచ్చింది. హైదరాబాదు-విజయవాడ రహదారి నాలుగు వరుసలైంది. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా కేంద్రమైంది. కలెక్టరాఫీసు ఎటు కడతారో తెలిసిన నాడే అటు భూముల ధరలకు రెక్కలొస్తాయి.

భూమి చేతులు మారే తీరు మన అందరికీ తెలిసిందే. అసైన్డు రైతుకు బిడ్డ పెళ్లి వస్తుంది, లేదా బోరు ఎండిపోతుంది. తెల్లకాగితం మీద ఒప్పందం, చేతికి కొంత సొమ్ము. అమ్మేవాడు ఎకరం లెక్కన అమ్ముతాడు. అదే భూమికి తెల్ల సున్నం రాళ్లు పాతగానే లెక్క గజాల్లోకి మారుతుంది. ఎకరానికి 4,840 గజాలు. రోడ్లు, ఖాళీ స్థలం తీసివేసినా ఆ తేడాలో ఎంత లాభం దాగి ఉందో లెక్కల మాస్టారు చెప్పనక్కరలేదు. చట్టం అమ్మరాదన్నది రైతుకు. మధ్యవాడు ఆ భయాన్నే చూపించి ధర తగ్గిస్తాడు!

కోర్టులు మాట్లాడకపోలేదు. ఊరుమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నింటినీ ఆదేశించింది. 2014 డిసెంబరు చివర మన రాష్ట్ర ప్రభుత్వం 58, 59 నంబరు జీ.వో.లు తెచ్చింది. సర్కారు జాగాలో గుడిసె వేసుకున్న పేదవాడికి 125 గజాల దాకా ఉచితంగా, అంతకు మించినవారికి డబ్బు కట్టించుకుని క్రమబద్ధం చేయడం వాటి సారాంశం. మొదటి దానిని నేను సమర్థిస్తాను. రెండవ దానితో ఆక్రమణకు కూడా ఒక రేటు ఏర్పడింది.

ఉమ్మడి నేల ఇళ్ల స్థలమైన కథ ప్రపంచానికి కొత్త కాదు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ చుట్టూ ఉమ్మడి మేత పొలాలుండేవి. మేపుకునే హక్కు ఉన్న పట్టణ పౌరులు వాటిలో ఇళ్లు కట్టనివ్వలేదు. ఫలితంగా మగ్గాల పనివారు పాత ఊరి ఇరుకు సందుల్లో కిక్కిరిసి రోగాల పాలయ్యారు. చివరకు 1845లో చట్టం చేసి ఆ పొలాలను విడగొట్టారు. అక్కడ శివారు పేటలు లేచాయి. కాబట్టి మేత భూమిలో ఇల్లు కట్టడమే పాపమని నేననను. ఎవరికి ఇల్లు, ఎవరి చేత నిర్ణయం అన్నదే ప్రశ్న. అక్కడ అదే చట్టంలో దాదాపు 130 ఎకరాలు ప్రజల విహారానికి విడిచిపెట్టారు. అర్బొరేటం తోట 1852లో తెరిచారు, నేటికీ ఉంది. మన లేఔట్లలో పది శాతం ఖాళీ స్థలం విడవాలన్న నిబంధన ఉంది. మీ కాలనీలో ఆ పది శాతం ఎక్కడుందో సాయంత్రం నడకకు వెళ్లినప్పుడు వెతకండి.

సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్లకొకసారి లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. గొల్లల జాతర. లక్షల మంది వస్తారు. 2017 జూన్‌లో ప్రభుత్వం గొల్లకురుమలకు 75 శాతం సబ్సిడీ మీద ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చే పథకం పెట్టింది. గొర్రెలు లారీల్లో దిగాయి. వాటిని ఎక్కడ మేపాలో ఆ పథకం చెప్పలేదు.

మొన్న వానాకాలంలో ఊరి బయట హద్దు రాళ్ల నడుమ గొర్రెలు మేపుతున్న ఒక ముసలాయనను పలకరించాను. ఈ భూమి ఎవరిదని అడిగాను.

"ఎవలెవలియో సారూ. పట్నపోళ్లు కొన్నరంట. వానలు పడ్డంక గీ రాళ్ల సందుల గడ్డి మంచిగ మొలుస్తది. గోడలు లేసేదాక మేపుకుంటం" అన్నాడు.