తొలి రాష్ట్రపతి యెదుట నిలిచిన ప్రశ్న

1950 జనవరి 24వ తేదీన రాజ్యాంగ పరిషత్తు ఢిల్లీలో చివరిసారిగా సమావేశమైనది. ఆనాడు సభ్యులు రాజ్యాంగ ప్రతులపై సంతకములు చేసిరి. జనగణమన జాతీయగీతమని అధ్యక్షుడు ప్రకటింపగా వినిరి. క్రొత్త గణతంత్ర రాజ్యమునకు రాష్ట్రపతిని ఎన్నుకొనిరి. ఈ చివరి పనికి ఎక్కువ కాలము పట్టలేదు. సభ ముందుకు వచ్చినది ఒక్క పేరే. మూడేండ్లకు పైగా ఆ సభకే అధ్యక్షత వహించిన బాబూ రాజేంద్రప్రసాదుగారి పేరది. రెండు దినముల తరువాత, 26వ తేదీ ఉదయము పది గంటలు దాటిన కొలది నిమిషములకు, ప్రభుత్వ భవనములోని దర్బారు హాలులో చక్రవర్తి రాజగోపాలాచారిగారు గణతంత్ర ప్రకటనను చదివిరి. ప్రధాన న్యాయమూర్తి హరిలాల్ కనియా సమక్షమున రాజేంద్రప్రసాదుగారు ప్రమాణము చేసిరి. ఫిరంగులు 31 మారులు మ్రోగినవి. వైస్రాయిల కొరకు కట్టిన ఆ 340 గదుల సౌధము అటుపిమ్మట రాష్ట్రపతి భవనమైనది.

క్రొత్తగా పదవిని చేపట్టువాని చిక్కులను లెక్కించునప్పుడు సాధారణముగా దేశపు చిక్కులనే లెక్కింతురు. 1950లో వానికి కొదువ లేదు. కాందిశీకుల గోడు తీరలేదు. ధాన్యమును విదేశముల నుండి తెప్పింపవలసి యుండెను. కాశ్మీరు వివాదము ఐక్యరాజ్యసమితిలో నలుగుచుండెను. ఐదు వందలకు మించిన సంస్థానముల విలీనము నిన్నమొన్నటి మాట. కాని ఇవి యన్నియు మంత్రివర్గపు బరువులు. వానిని మోయుటకు నెహ్రూ, పటేలు ఉండిరి. రాష్ట్రపతికి మాత్రమే చెందిన చిక్కు వేరొకటి. తాను కూర్చున్న పీఠము ఏపాటిదో ఆయనకు ఎవ్వరును స్పష్టముగా వ్రాసి ఇయ్యలేదు. అందు అంతకు ముందొకడు కూర్చుండి త్రోవ చూపినదియు లేదు.

ఆ మాటలోనే కొంత తికమక యున్నది. హిందీలో ‘రాష్ట్రము’ అనగా దేశము, జాతి. తెలుగువారికి రాష్ట్రమనగా మద్రాసు, బీహారు వంటి ఒక భాగము. హిందీ నుండి తెలుగు చేయువాడు ఈ పదము వద్ద ప్రతిసారియు ఒక క్షణము ఆగవలసినదే. స్వాతంత్ర్యమునకు పూర్వము కాంగ్రెసు అధ్యక్షునే జనులు ‘రాష్ట్రపతి’ యని పిలుచుచుండిరి. 1934లో బొంబాయి కాంగ్రెసుకు అధ్యక్షత వహించిన నాడే రాజేంద్రప్రసాదుగారికి ఆ పిలుపు వచ్చినది. 1937లో నెహ్రూ ‘చాణక్య’ యను మారుపేరుతో తన్ను గూర్చి తానే ఒక వ్యాసము వ్రాసి ‘మాడరన్ రివ్యూ’లో ప్రకటించిరి. దాని పేరు ‘రాష్ట్రపతి’. జనాదరణ మితిమీరినచో ఇతడు నియంతగా మారగలడని అందు తన విషయముననే హెచ్చరించిరి. ఆ పేరు గల పదవిలోని అధికారమును గూర్చి తరువాతి కాలమున వాదము నడచినప్పుడు, హెచ్చరించువాని పక్షమున నిలిచినదియు నెహ్రూయే. కాని అప్పుడు ఆయన ప్రధానమంత్రి.

ఇక రాజ్యాంగమేమి చెప్పుచున్నది? 53వ అధికరణము ప్రకారము కేంద్రపు కార్యనిర్వాహకాధికారము రాష్ట్రపతియందు నిక్షిప్తమై యున్నది. 74వ అధికరణము రాష్ట్రపతికి ‘సహాయమును, సలహాను’ ఇచ్చుటకు ఒక మంత్రిమండలి ఉండునని చెప్పినది. ఆ సలహాను పాటించి తీరవలెనని మాత్రము 1950 నాటి పాఠమున ఎక్కడను లేదు. ఇది ఏమరుపాటు కాదు. ఇంగ్లండు రాజునకు అక్కడి రాజ్యాంగమున ఎట్టి స్థానమో ఇక్కడ రాష్ట్రపతికిని అట్టిదే యని అంబేద్కరు 1948 నవంబరులోనే చెప్పియుండిరి. రాష్ట్రపతి నడవడికి సంబంధించిన ఆదేశములను ఒక అనుబంధముగా చేర్పవలెనని ముసాయిదా సంఘము మొదట తలచినది. 1949 అక్టోబరులో ఆ తలంపును విడిచిపెట్టినది. వ్రాయకున్నను సంప్రదాయము చాలునని టి. టి. కృష్ణమాచారి సభకు నచ్చజెప్పిరి.

సలహా కట్టుబాటు అగునని ఎక్కడ వ్రాసియున్నదని సభలో అడిగినవారు రాజేంద్రప్రసాదుగారే. 1949 నవంబరు 26న, రాజ్యాంగము ఆమోదము పొందు నాటి ఉపన్యాసమునందును, అట్టి నిబంధన తనకు తెలిసినంతలో లేదనియు, ఇంగ్లండులోని సంప్రదాయమే ఇక్కడను నెలకొనునని ఆశింపవచ్చుననియు చెప్పిరి. అప్పటికి తానే రాష్ట్రపతి యగుదునని నిశ్చయము లేదు. నెహ్రూ మనస్సు రాజగోపాలాచారిగారిపై నుండెను. కాంగ్రెసు సభ్యులలో పెక్కుమంది మొగ్గు మాత్రము రాజేంద్రప్రసాదుగారి వైపు. కనుక ఆ ప్రశ్న స్వార్థముతో వేసినది కాదు. న్యాయవాది వేసిన ప్రశ్న యది. సారన్ జిల్లాలోని జీరాదేయిలో పుట్టి, 1917లో చంపారన్‌లో గాంధీజీ వెంట నడువకముందు ఆయన పేరుమోసిన వకీలు. జైలులో కూర్చుండి హిందీలో వ్రాసిన ఆత్మకథను చదివినవారు ఆ స్వభావమును సులభముగా గుర్తింతురు. తొందరపాటు లేదు, ఆడంబరము లేదు. కాని యెక్కడ వ్రాసియున్నదో చూడక ఏ మాటను ఒప్పుకొనడు.

అట్టివాడు వ్రాయని నియమముపై నడువవలసిన పదవికి వచ్చెను. వచ్చిన కొలది నెలలకే తాకిడి మొదలైనది. 1950 సెప్టెంబరులో బీహారు భూసంస్కరణ బిల్లుపై సంతకము చేయుటకు ముందు తన సందేహములను ప్రధానికి తెలిపిరి. తెలిపి, సంతకము చేసిరి. 1951 మే నెలలో సోమనాథాలయ ప్రతిష్ఠకు వెళ్లవలదని నెహ్రూ కోరినను వెళ్లిరి. ఈ రెండింటిని ఒక త్రాసున తూచరాదు. మొదటిది శాసనము, రెండవది ప్రయాణము. సలహా యనునది ప్రభుత్వకార్యమునకు మాత్రమే చెల్లునా, లేక రాష్ట్రపతి ఏ గుడికి పోవలెనో కూడ అదియే నిర్ణయించునా? దీనికి ఇంగ్లండు రాజు కథలో జవాబు దొరకదు. ఆ రాజు అక్కడి మతసంస్థకు తానే అధిపతి; మన రాష్ట్రపతి మతప్రమేయము లేని రాజ్యమునకు అధిపతి.

అసలు పరీక్ష అదే యేడు సెప్టెంబరులో వచ్చినది. హిందూ కోడ్ బిల్లు పార్లమెంటులో చర్చకు వచ్చినది. వివాహము, విడాకులు, దత్తత, ఆస్తిలో స్త్రీల హక్కు — వీనినన్నిటిని మార్చు బిల్లు అది. దానిని నడపుచున్నవారు న్యాయమంత్రి అంబేద్కరు. రాజేంద్రప్రసాదుగారికి బిల్లులోని అనేకాంశములు ఇష్టము లేవు. కాని ఆయన లేఖలో ముందుకు తెచ్చిన వాదము వేరు. అప్పటి పార్లమెంటు వయోజనుల ఓటుతో ఎన్నికైనది కాదు. రాజ్యాంగ పరిషత్తే తాత్కాలికముగా పార్లమెంటు పని చేయుచుండెను. కోట్లాది జనుల యిండ్లలోనికి చొచ్చు శాసనమును అట్టి సభ చేయవచ్చునా? ఈ బిల్లు తన వద్దకు వచ్చినప్పుడు మంత్రివర్గపు సలహాతో నిమిత్తము లేక స్వబుద్ధితోనే నిర్ణయము చేయగోరుచున్నానని ఆయన ప్రధానికి వ్రాసిరి.

నెహ్రూకు ఇది బిల్లును మించిన ప్రమాదముగా తోచినది. పార్లమెంటు ఒక వైపు, రాష్ట్రపతి ఒక వైపు నిలిచినచో బాధ్యతాయుత ప్రభుత్వమునకు అర్థమేమి? ఆయన ఇద్దరు న్యాయకోవిదుల అభిప్రాయము కోరిరి. ఒకరు అటార్నీ జనరల్ సెతల్వాడ్. రెండవవారు అల్లాడి కృష్ణస్వామి అయ్యరు. నెల్లూరు జిల్లాలోని పుదూరున పుట్టి, మద్రాసు హైకోర్టులో కీర్తి గడించి, ముసాయిదా సంఘములో కూర్చుండి ఆ అధికరణముల కూర్పులో పాలు పంచుకొనినవారు. రాష్ట్రపతి మంత్రివర్గపు సలహాను కాదని వ్యవహరింపరాదని ఇరువురును ఒక్క మాటగా చెప్పిరి. రాష్ట్రపతి సమ్మతింపక తప్పలేదు. ఇంతలో బిల్లే ఆగిపోయినది. సభలోని యెదిరింపును, రానున్న ఎన్నికలను చూచి ప్రభుత్వము వెనుకకు తగ్గినది. అంబేద్కరు ఆ నెలలోనే రాజీనామా ఇచ్చిరి.

ఇందు ఎవరి పక్షము న్యాయమో తేల్చుట సులువు కాదు. స్త్రీలకు న్యాయము ఆలస్యమైనది. ఆ ఆలస్యమును కోరినవారిలో రాష్ట్రపతి ఒకరు. దీనిని కప్పిపుచ్చనక్కర లేదు. కాని ఆయన ప్రజల తీర్పు రానిండని అనెను. 1951–52 ఎన్నికలలో ఆ తీర్పు వచ్చినది. క్రొత్త పార్లమెంటు అదే కోడ్‌ను ముక్కలుగా విడదీసి నెగ్గించినది. హిందూ వివాహ శాసనము 1955 మే నెలలోను, వారసత్వ శాసనము 1956 జూనులోను ఆయన వద్దకు వచ్చినవి. రెండింటిపైనను సంతకము చేసిరి. సలహాకు రాష్ట్రపతి కట్టుబడవలెనను సంప్రదాయము నెహ్రూ వాదమువలన కాని, ఇద్దరు న్యాయవాదుల అభిప్రాయమువలన కాని నెలకొనలేదు; ఇష్టము లేని శాసనముపై చేసిన ఆ సంతకములతో నెలకొన్నది. ఆయన ఒక్కసారి కాదనియుండినచో, తరువాతి వారందరికి అదియే దృష్టాంతమై యుండెడిది.

సంతకము ఒకరిది, నిర్ణయము వేరొకరిది యను ఈ ఏర్పాటు తెలుగువారికి త్వరలోనే అనుభవమునకు వచ్చినది. 1954 నవంబరులో మద్యనిషేధ విషయమై టంగుటూరి ప్రకాశం మంత్రివర్గము ఒక్క ఓటు తేడాతో అవిశ్వాసమునకు గురియైనది. క్రొత్త ఆంధ్రరాష్ట్రమునకు అప్పటికి ఏడాది వయస్సు. కర్నూలులోని ప్రభుత్వము రాష్ట్రపతి పేర ఢిల్లీ చేతికి పోయి, మరుసటి మార్చి చివరివరకు అట్లే నడచినది. ఇందు సభ తానే మంత్రివర్గమును కూల్చినది. పెద్దగా వివాదము లేదు. 1959 జూలై 31న కేరళలో జరిగినది వేరు. సభలో ఆధిక్యము గల నంబూద్రిపాద్ మంత్రివర్గము రాష్ట్రపతి ప్రకటనతో పోయినది. 356వ అధికరణము రాష్ట్రపతికి ‘తృప్తి’ కలుగవలెనని చెప్పును. ఆ తృప్తి ఎవరిది? కేరళ ప్రజలు చదివిన ప్రకటన క్రింద పేరు రాజేంద్రప్రసాదుది, నిర్ణయము మంత్రివర్గముది.

పదేండ్లు ఇట్లు నడచిన పిమ్మట ఆయన పాత ప్రశ్నను మరల తీసిరి. 1960 నవంబరు 28న ఢిల్లీలో భారతీయ న్యాయ సంస్థ భవనమునకు శంకుస్థాపన చేయుచు, రాష్ట్రపతి అధికారములు ఇంగ్లండు రాజు అధికారములతో ఎంతవరకు సమానములో పండితులు పరిశోధింపవలెనని సూచించిరి. మన రాష్ట్రపతి ఎన్నికైనవాడు. తప్పు చేసినచో 61వ అధికరణము క్రింద అభిశంసనకు లోనగువాడు. వంశక్రమమున వచ్చిన రాజును వానితో పోల్చుట తగునా? సభలో నెహ్రూ కూర్చుండియుండిరి. తరువాత విలేఖరులు అడుగగా, రాష్ట్రపతి రాజ్యాంగబద్ధుడైన అధిపతియే యని చెప్పి ఆయన ఆ చర్చను తేలికగా తోసివైచిరి. 1963లో కె. ఎం. మున్షీ రాష్ట్రపతి స్వతంత్రాధికారమును సమర్థించుచు ఒక గ్రంథమే వ్రాసిరి. అప్పటికి రాజేంద్రప్రసాదుగారు పదవిలో లేరు. 1962 మే నెలలో పీఠమును సర్వేపల్లి రాధాకృష్ణగారికి అప్పగించి, పాట్నాలోని సదాకత్ ఆశ్రమమునకు వెళ్లిపోయిరి. 1963 ఫిబ్రవరి 28న అక్కడనే కన్నుమూసిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఒకప్పుడు ఉపాధ్యక్షులుగా నుండిన రాధాకృష్ణ పదేండ్లు ఉపరాష్ట్రపతిగా నుండి ఈ కథనంతయు దగ్గర నుండి చూచినవారు.

వ్రాతపూర్వకమైన జవాబు 1976లో వచ్చినది. సలహా ప్రకారమే రాష్ట్రపతి నడువవలెనని 42వ సవరణ స్పష్టముగా చెప్పినది. అంతకు ఏడాది ముందు, 1975 జూన్ 25 రాత్రి, ఫక్రుద్దీన్ అలీ అహమద్ అత్యవసర పరిస్థితి ప్రకటనపై సంతకము చేసిరి. మంత్రివర్గమునకు ఆ సంగతి మరునాటి యుదయము తెలిసినది. అనగా సలహాను పాటించిన రాష్ట్రపతికి, మంత్రిమండలి సలహా యింకను పుట్టనేలేదు. 1978 నాటి 44వ సవరణ ఒక చిన్న కిటికీ తెరచినది: రాష్ట్రపతి ఒక్కసారి సలహాను పునరాలోచనకు త్రిప్పి పంపవచ్చును, మరల వచ్చినచో పాటింపవలసినదే.

ఇంత వ్రాసినను, సలహా ఇచ్చువాడు ఎవ్వడో తేలని సమయమున ఏమి చేయవలెనో ఎవ్వరును వ్రాయలేదు. ఆ సమయము అనంతపురము జిల్లా ఇల్లూరున పుట్టిన నీలం సంజీవరెడ్డిగారి పాలబడినది. 1977లో పోటీ లేక ఎన్నికైన ఆయన యెదుట 1979 జూలైలో మొరార్జీ దేశాయి మంత్రివర్గము రాజీనామా ఇచ్చినది. చరణ్‌సింగ్‌ను పిలిచి, సభ విశ్వాసము పొందుమని గడువు పెట్టిరి. ఆగస్టు 20న, సభ యెదుటికి పోవలసిన నాడే, చరణ్‌సింగ్ రాజీనామా చేసి లోక్‌సభను రద్దుచేయుడని సలహా ఇచ్చిరి. నాకు బలమున్నదని జగ్జీవన్‌రామ్ చెప్పుచుండిరి. 22వ తేదీన సంజీవరెడ్డిగారు ఆ సలహాను పాటించి సభను రద్దుచేసిరి. సలహా ఇచ్చిన మంత్రివర్గము ఒక్క దినమైనను లోక్‌సభ యెదుట నిలిచినది కాదు.